ముక్కుతో ఉప్పు చూసే అన్న

ఎండాకాలం వచ్చిందంటే మన వరంగల్ నుంచి ఊటీకి బస్సులు కడతారు. ఆ బస్సుల్లో వంట పనికి పోదామనుకునే పిల్లలు ఈ మధ్య సుబేదారిలో మా ఇంటికి వస్తున్నారు. పని ఎట్లుంటుంది, చలికి ఏం కప్పుకోవాలి, బస్సుల సేటు మంచోడేనా అని అడుగుతారు. అన్నీ అడిగి, చాయ్ తాగి, లేచి పోయేముందు గొంతు తగ్గించి, "అత్తమ్మా, మీతోని వచ్చే వంటాయన తాగి గ్యాసు అంటించుకున్నడంట గదా" అంటారు.

ఆయన తాగలేదు. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా చెప్తున్నాను. నేను మూడో తరగతి దాటలేదు. రాసింది నేనే, ఒత్తులు దిద్దింది మా మనవరాలు.

ముందు పని సంగతి చెప్పాలి. మనవాళ్లు ఏ కొండ ఎక్కినా మన పప్పే కావాలంటారు. అక్కడి హోటల్లో ఒక పూట తింటే రెండో పూటకు మొహం మాడ్చుకుంటారు. అందుకని బస్సు పైన మనుషులు, కింద డిక్కీలో బియ్యం మూటలు, గ్యాసు బండలు, గంజులు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ పొయ్యి. వాళ్లు తోటలు చూడ్డానికి, గుర్రాలెక్కడానికి పోయినప్పుడు మేము వండుతాం. వాళ్లు వచ్చి తిని పడుకున్నప్పుడు మేము గంజులు తోముతాం. నేను చాలా ఎండాకాలాలు ఊటీకి పోయాను. ఊటీలో ఏం చూశావమ్మా అని ఇంట్లో అడిగితే, నల్లా నీళ్లు బాగా చల్లగా ఉంటాయని చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. నిజం అంతే.

మా పెద్ద వంటాయనను నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. మాది చర్చి ఇల్లు, ఆయనది పొద్దున లేస్తే బొట్టు పెట్టుకునే ఇల్లు. బస్సులో అవేం గుర్తుకురావు. ఆయన చిన్నప్పటి నుంచి పెళ్లిళ్ల వంటల్లో పెరిగినవాడు. ఆయనకు పని నేర్పినాయన ఒక కట్టడి పెట్టాడట. పదిమందికి పెట్టేది ముందు మన నాలుక మీద పడొద్దు. అందుకని అన్న ఉప్పు రుచి చూసేవాడు కాదు. మూత తీసి, ఆవిరి మీదికి వంగి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. ఉప్పు చాలని పప్పుకు ఒక పచ్చి వాసన ఉంటుందనేవాడు. నాకెప్పుడూ అది తెలియలేదు. ఆయనకు మాత్రం ఎన్నడూ తప్పేది కాదు.

బస్సులో ఇదొక తమాషా అయిపోయింది. అంత్యాక్షరి, తంబోలా ఎట్లనో ఇది అట్ల. డ్రైవరు మైకులో, "అందరు దిగుండ్రి, మా మామ ముక్కుతోని ఉప్పు చూస్తడు, టికెట్ లేదు" అని పిలిచేవాడు. పిల్లలు, పెద్దలు గంజు చుట్టూ చేరేవాళ్లు. అన్న వంగేవాడు. అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. "ఇంకో పిడికెడు" అనేవాడు. చప్పట్లు. సేటు తన కాగితాల మీద కూడా, ముక్కుతో ఉప్పు చెప్పే మాస్టరు మా బస్సులోనే అని వేయించాడు. వేరే ట్రావెల్స్ వాళ్లు పిలిచినా అన్న పోలేదు. ఆ ముక్కు అంటే ఆయనకు అంత గర్వం. పైకి చెప్పేవాడు కాదు, కానీ ఆవిరి మీద వంగినప్పుడు మొహంలో కనిపించేది.

తర్వాత కరోనా వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. అన్నకు జ్వరం వచ్చి తగ్గింది. మళ్లీ బస్సులు కదిలిన ఎండాకాలం, మొదటి మకాంలోనే, రోడ్డు పక్కన చారుకు పోపు పెడుతున్నాడు. ఆవాలు నల్లబడి పొగ లేస్తోంది. నాకు దగ్గు వస్తోంది. ఆయన గరిటె పట్టుకుని అట్లనే నిలబడ్డాడు.

"అన్నా, మాడిపోతాంది" అన్నాను.

ఉలిక్కిపడి దించాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరని చూసుకుని అప్పుడు చెప్పాడు.

"చెల్లె, జ్వరం పోయింది గని ముక్కు తిరిగి రాలే. నాకేం తెలుస్తలేదు. చేపల బజార్ల నిలవడ్డా తెలుస్తలేదు."

"దవాఖానకు పోయినవా?"

"పోయిన. కొందరికి వస్తదట, కొందరికి రాదట. ఎవలకు చెప్పకు. సేటుకు తెలిస్తే ఇంటికి పొమ్మంటడు. ఇంటికాడ మీ వదినె మోకాళ్లు పట్టుకొని కూసున్నది. నాకు ఇంకో పని రాదు." మాడిన పోపు పారబోసి, "పని సంగతి అట్లుంచు. ముక్కు పోయినోడు వంటోడెట్లయితడే" అన్నాడు.

ఆ రోజు నుంచి మాకొక ఏర్పాటు కుదిరింది. జనం చుట్టూ చేరకముందే నేను గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని, వెనక్కి తిరిగి రుచి చూసేదాన్ని. ఆయన ఆవిరి మీద వంగినప్పుడు ఎదురుగా నిలబడేదాన్ని. ఉప్పు సరిపోతే చేతులు తుడుచుకుంటాను. చాలకపోతే కొంగు తలమీదికి లాక్కుంటాను. ఆయన ఒరకంటితో చూసి, "ఇంకో పిడికెడు" అనేవాడు. చప్పట్లు మామూలే. నేను రుచి చూసేటప్పుడు మాత్రం ఆయన అటు తిరిగి నిలబడేవాడు. ఇన్నేళ్ల కట్టడి తన గంజులోనే తప్పుతోందని ఆయన బాధ.

డ్రైవరు ఒకసారి, "అక్కా, ఏంది మామ ఉప్పు చూసినప్పుడల్ల నీకు చలి పెడ్తది?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. అట్లా రెండు ఎండాకాలాలు నడిచింది.

రెండో ఎండాకాలమే ఆఖరుది. ఆ బస్సులో హనుమకొండ వైపు కుటుంబాలు ఎక్కువ. రిటైరైన ఒక టీచరమ్మ ఉండేది. అందరికీ మంకీ క్యాప్‌లు పెట్టించేది, పాటలు పాడించేది, చాక్లెట్లు ఎక్కువ తిన్న పిల్లలను కోప్పడేది. మంచి మనిషి. ఊటీలో లాడ్జి వెనుక రేకుల షెడ్డు మాకిచ్చారు. మేలో అక్కడ మధ్యాహ్నం దాటితే వాన, పొద్దంతా గాలి. గాలికి పొయ్యి నిలవదు. తలుపు మూసి వండాల్సిందే. ఇంకో సంగతి, కొండ మీద పప్పు తొందరగా ఉడకదు. కింద ఉడికేదానికంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. అందుకే అక్కడ పొద్దున్నే ఎక్కిస్తాం.

ఆ పొద్దున అందరూ ఆటోల్లో పోయి చెరువులో పడవలెక్కడానికి తయారయ్యారు. టీచరమ్మ షెడ్డు దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, నువ్వు చెరువు చూసినవా?"

"లేదు మేడం."

"ఏటేటా వస్తవంట, చెరువు చూడలేదంటవ్. ఇంటికి పోయి ఏం చెప్తవ్, భద్రకాళి చెరువు లెక్కనే ఉందని చెప్తవా? పద, చెప్పులేసుకో."

"వంట ఉంది మేడం."

డ్రైవరు అక్కడే గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "అక్క ఎక్కితే పడవోళ్లు ఇద్దరి టికెట్ అడుగుతరు మేడం, ఆలోచించుకోండ్రి" అన్నాడు.

"నీ లెక్క ఉట్టిగ తిని కూసుంటలేను, పని చేసిన ఒళ్లు ఇది" అన్నాను.

అన్న నవ్వాడు. "పోరాదూ చెల్లె. కూర తరిగినవ్. బియ్యం నేను కడుగుత. ఒక్క గంట చూసి రా, ఏం మునుగుతది" అన్నాడు.

నేను దగ్గరికి పోయి మెల్లగా, "మరి ఉప్పు?" అన్నాను.

"ఇప్పుడే చూసి ఏసిపో."

పప్పులో ఉప్పు ముందే వేస్తే ఇంకా ఆలస్యంగా ఉడుకుతుంది. ఇద్దరికీ తెలుసు. అయినా వేశాను. చేతిలో వేసుకుని, తిరిగి రుచి చూసి, సరిపోయిందని చెప్పాను. ఉడకడానికి సమయం పడుతుంది కదా అని ఆయన ఇంకో రెండు చెంబుల నీళ్లు పోశాడు. గంజు నిండా అయింది. "ఇగ నీ ముక్కుతోని నాకు పని లేదు, పో" అన్నాడు.

పిల్లలూ, ఈ మాట దగ్గర కొంచెం ఆగండి. ఆయన ముక్కు పోయి రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఆ ముక్కు చేసే పని నేను చేశాను. కానీ ముక్కు అంటే ఉప్పుకే అని ఇద్దరం అనుకున్నాం. దానికి పేరు ఉప్పుతోనే వచ్చింది, జనం చప్పట్లు ఉప్పుకే కొట్టారు. దానికి ఇంకో పని ఉంటుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

చెరువు బాగుంది. కొండలన్నీ తలకిందులుగా నీళ్లలో ఉన్నాయి. పడవ ఊగినప్పుడు నేను టీచరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంటే, "బాప్తిస్మం తీసుకున్నదానివి, నీళ్లకు భయమేంది" అని ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఎవరి పిల్లలో కాళ్లతో తొక్కే పడవ తెచ్చి మా పడవకు కొట్టారు. నీళ్లు చింది నా చీర తడిసింది. అంతలో ఆమె ఫోనుతో ఫోటో తీసింది. పెళ్లి ఫోటోలో కూడా నేను అట్లా నవ్వలేదు. అన్నకు, వదినెకు చూపిద్దామనుకున్నాను.

ఒడ్డుకు వచ్చేసరికి టీచరమ్మ ఫోను మోగింది. డ్రైవరు. ఆమె విని, నా వైపు చూసి, మళ్లీ విని, "తొందరగ పోదాం పద" అంది. "ఏమైంది మేడం" అంటే చెప్పలేదు. ఆటోలో నా చెయ్యి వదల్లేదు. పడవలో నేను ఆమె చెయ్యి పట్టుకున్నట్టు ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే నాకు అర్థమైంది.

షెడ్డు తలుపు ఊడి అవతల పడి ఉంది. పప్పు నేలంతా ఉంది. డ్రైవరు రెండు చేతులకూ తడిబట్టలు చుట్టుకుని కూర్చున్నాడు. రగ్గు కప్పి ఆయనను బయటికి లాగింది వాడే. "మామను దవాఖానకు తీస్కపోయిండ్రు అక్కా. కింద పెద్ద దవాఖానకు పంపాలంటాండ్రు. నువ్వు పో" అన్నాడు. అంతకు గంట ముందు నన్ను ఆటపట్టించిన మనిషి. ఇప్పుడు నా మొహం చూడలేకపోతున్నాడు.

కొండ దిగే అంబులెన్సులో అన్న పక్కన కూర్చున్నాను. మొహం, చేతులు, ఛాతీ అంతా బట్ట కప్పారు. మూలమలుపులకు బండి ఊగుతోంది. ఆయనకు తెలివి ఉంది. అదొక శాపం.

"పప్పు పొంగి పొయ్యి ఆరినట్టుంది చెల్లె. నేను నల్లా కాడ బియ్యం కడుగుతాన్న. లోపలికొచ్చి చూసి, గాలికి ఆరిందనుకున్న. తలుపు మంచిగ మూసి అగ్గిపుల్ల గీసిన."

ఎవరైనా సరే, ఆ తలుపు తీయగానే గ్యాసు వాసన ముక్కు బద్దలు కొట్టేది. దొడ్డిలో ఆడుకునే పిల్లవాడైనా ఆగిపోయేవాడు.

"మాట్లాడకు అన్నా" అన్నాను.

"పడవెక్కినవా?" అన్నాడు.

"ఎక్కిన."

"ఎట్లుండె?"

"మంచిగుండె అన్నా."

ఇంకో రెండు మలుపులు తిరిగాక అడిగాడు. "చెల్లె, నా ఒంటికి వాసనొస్తాందా?"

ఏం వాసన వస్తోందో నేను రాయను. "మందుల వాసన అన్నా, అంతే" అన్నాను.

"ఆమెకు చెప్పకు. ముక్కు సంగతి" అన్నాడు. నేను సరేనన్నాను.

వదినె తన తమ్ముణ్ణి తోడు తీసుకుని రైల్లో వచ్చింది. వచ్చేదాకా, వచ్చాక కూడా నేను దవాఖాన వరండాలోనే ఉన్నాను. ఒక పొద్దున ఫోను టింగుమంది. టీచరమ్మ పడవ ఫోటో పంపింది, కింద దండం పెట్టే బొమ్మ, ప్రార్థన చేస్తున్నాం అని. పాపం, ఆమెకు వేరే ఫోటో లేదు నాది. నేను ఫోను తిరగేసి బెంచీ మీద పెట్టాను.

వదినె నన్ను అడిగిన మొదటి మాట అదే. "మా ఆయన ముక్కు అంత గట్టిది గద వదినె. గ్యాసు వాసన ఎట్ల తెలువలే?"

"జలుబు చేసింది వదినె. కొండ మీది చలి" అన్నాను. ఆమె నమ్మింది. లోపల ఆయనకు ఇంకా ఊపిరి ఉంది. ఆ ఊపిరి ఆగిపోయాక ఆ అబద్ధం నాతోనే వరంగల్‌కు వచ్చింది.

అంత్యక్రియల దగ్గరే మొదలైంది. అంత ముక్కున్నవాడు గ్యాసు వాసన పట్టలేదంటే ఎవరు నమ్ముతారు? ఆయన పేరే ఆయన మీద సాక్ష్యం చెప్పింది. సేటు అందరి ముందూ, "పొద్దుగాల్నే ఏదో ఏసుకొని ఉంటడు. ఊటీల చలికి అందరు చేసేదే" అన్నాడు. ఆ మాట బస్సు బస్సుకూ, పొయ్యి పొయ్యికీ పాకింది. జలుబు సంగతి నేను చెప్పబోతే, "జలుబుకే తాగిండేమో" అని ఒకడు నవ్వాడు. నిజం చెప్తే, ముక్కు పోయినవాణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టారని అంటారు, ఆయన పేరు అట్లా పోతుంది. చెప్పకపోతే తాగుబోతు అంటారు, ఇట్లా పోతుంది. ఎటు తిప్పినా ఆయన పేరు నిలబడే దారి కనిపించలేదు. ఏది తక్కువ చెడో తేల్చుకోలేక ఊరుకున్నాను. తర్వాతి ఎండాకాలం సేటు పిలిస్తే పోలేదు. ఇప్పుడు మా గోడ మీద ఆ పడవ ఫోటో ఉంది. పెద్దది చేయించి మావాళ్లే పెట్టారు, అమ్మ నవ్వు బాగుందని. తీసేయమని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెప్పలేను.

ఆ ఎండాకాలం పోయాక, వానాకాలం మొదట్లో వదినె కబురు పంపింది. పోయాను. గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కూర్చోమంది. తర్వాత నేలవైపు చూస్తూ అడిగింది.

"వదినె, నిజం చెప్పు. నేనేమనుకోను. బస్సుల పోయినప్పుడు ఆయన తాగెటోడా?"

ఆయనతో అంతకాలం కాపురం చేసిన మనిషి. లోకం మాట విని విని, ఆమెకే అనుమానం వచ్చింది. ఇక నేను ఆగలేకపోయాను. అన్నకిచ్చిన మాట అక్కడే తప్పాను. పోపు మాడిన రోజు నుంచి మొత్తం చెప్పాను. కొంగు లాక్కోవడం, చేతులు తుడుచుకోవడం, ఉప్పు వేసి పడవెక్కడం, అన్నీ.

ఆమె ఏడవలేదు.

"కరోనా కాన్నుంచా?" అంది.

"అవ్ వదినె."

"మరి రోజు దర్వాజ కాడికి రాంగనే, ఏం కూర, కమ్మటి వాసనొస్తాంది అనెటోడు గద. బీరకాయనా, గోంగూరనా అని పేరు వెట్టి చెప్పెటోడు. ఒక్కనాడు తప్పలే."

ఆమె తనలో తానే లెక్క చూసుకుంటున్నట్టు తల ఆడించింది.

"కూరగాయలు ఆయినే తెచ్చేది" అంది. "అంతకుముందు ఎన్నడు తేలే. జ్వరం తగ్గినంక పట్టువట్టిండు. నీ మోకాళ్లు మంచిగ లేవు, బజారుకు నువ్వు పోవద్దు, నేనే తెస్త, ఇయ్యాళ ఇదే వండు అనెటోడు. నేను..." మోకాలు రుద్దుకుంది. "నేను నా మీద ప్రేమ, పావురమనుకున్న."

"పావురమే వదినె" అన్నాను.

ఆమె విన్నదో లేదో. గోడ పట్టుకుని లేచింది. దర్వాజ వెనుక మేకుకు ఆయన కూరగాయల సంచి వేలాడుతోంది. దాన్ని తీసింది. రెండు చేతులతో విప్పి, మొహం లోపలికి పెట్టి, అట్లనే చాలాసేపు నిలబడింది.

తర్వాత సంచి మళ్లీ మేకుకు తగిలించి, "ఏ వాసనా లేదు" అంది.